పసుపు దారం

సూదితో ఒంట్లోకి ఎక్కించే ఉప్పునీళ్ల సీసాల పెట్టెలను కేసముద్రం టేషను నుంచి మా ఊరికి తెచ్చింది నా బండి. ఈ సంగతి ముందే చెబుతున్నాను. సీసాలు చాలలేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. వాటిని ఎత్తింది నేనే, దించింది నేనే. చావడి వెనుక గదిలో గోడవారగా పేర్చింది కూడా నేనే.

జర్మనీ యుద్ధం నడుస్తున్న కాలం అది. ఆ ఏడు వానలకు మంచినీళ్ల బావిలోకి మురికి దిగింది. ఊళ్లోకి గత్తర వచ్చింది, డాక్టర్లు కలరా అంటారు. కక్కుడు, పారుడు. పొద్దున నాగలి పట్టినవాడు మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయి, వేళ్లు నానిన బట్టలా ముడతలు పడి, గొంతు పెగలక పడి ఉంటాడు. ఒంట్లోని నీళ్లన్నీ పోతాయి. మనిషి ఎండిపోయి చస్తాడు.

హైదరాబాదు నుంచి డాక్టర్ రాజేశ్వర్ రావు వచ్చాడు. హనుమకొండ నుంచి మొగిలయ్య అనే కంపౌండరును వెంట తెచ్చుకున్నాడు. చావడిని దవాఖాన చేశారు. ఇంటింటి నుంచి నులక మంచాలు తెప్పించి, రోగులు వచ్చిన వరుసలోనే వేయించారు.

డాక్టరు మంచివాడిలాగే కనబడ్డాడు. గత్తర మంచం దగ్గర ముక్కుకు గుడ్డ పెట్టుకోడు. తానే వంగి నాడి చూస్తాడు. బావిలో మందు పోయించాడు. తోడిన నీళ్లు కాచి తాగమని గడపగడపకూ తిరిగి చెప్పాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చెడ్డవాడు చేసిన చెడు అయితే నేను ఇంతకాలం ఈ కోపం మోసేవాణ్ణి కాదు.

మా ఊళ్లో మగవాళ్లలో సగం కట్టయ్యలు, ఆడవాళ్లలో సగం కట్టమ్మలు. కట్టమైసమ్మకు మొక్కితే పుట్టినవాళ్లందరికీ అదే పేరు. మొదటి రోజు మొగిలయ్య చావడి మధ్యలో నిలబడి "కట్టమ్మా!" అని పిలిస్తే ఏ మంచం చూసినా మూలుగేనట. ఎవరికి ఏ మందు పడిందో తెలియక డాక్టరు తల పట్టుకున్నాడు. పేర్లతో పని కాదని చేతులకు దారాలు కట్టమన్నాడు.

ఒక దారం ఎరుపు. సాలోళ్ల ఇంట్లో రంగు వేసిన నూలు దొరికింది. రెండోదానికి రంగు దొరకలేదు. మొగిలయ్య మా ఇంటికి వచ్చి పసుపు అడిగాడు. నా భార్య కట్టమ్మ అప్పుడే దంచిన పసుపు చేటలో పోసి ఇచ్చింది. తెల్లనూలును అందులో ముంచి ఆరవేశాడు.

వచ్చినవాళ్లకు వచ్చిన వరుసలో ఒకరికి ఎరుపు, తర్వాతివాళ్లకు పసుపు. అది డాక్టరు పెట్టిన నియమం. ఏ దారం దేనికో ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోతే మేము ఊరుకుంటామా? మాకు తెలిసినదే అనుకున్నాం. మా దిక్కు గత్తర వస్తే ముత్తైదువలు అమ్మవారి పేరు చెప్పి చేతికి పసుపుదారం కట్టుకుంటారు. ఇన్నాళ్లకు సర్కారుకు కూడా బుద్ధి వచ్చిందని ఊరు మురిసింది. అంతకుముందు దవాఖాన మనిషి వస్తే గడ్డివాములో దాక్కున్నవాళ్లు, ఇప్పుడు తామే నడిచి వచ్చారు. డాక్టరు సంతోషించాడు. ఎందుకు వస్తున్నారో మొగిలయ్యకు తెలుసు. అతడు మా దిక్కువాడే. అయినా అది అమ్మవారి దారం కాదని ఊరికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఒక పొద్దున నా భార్యకూ, ఆమె తల్లి చిలుకమ్మకూ ఒకేసారి పట్టుకుంది. మా అత్త భర్త పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. బండిలో గడ్డి పరిచి ఇద్దరినీ పడుకోబెట్టాను. ఎడ్లకు కాడి ఎత్తబోయి రెండుసార్లు జారవిడిచాను. వాళ్లిద్దరూ ఆ స్థితిలో కూడా ఊరుకోలేదు.

"ఓ అవ్వా, గత్తరకు సూత నా ఎంబడే వస్తివా? నన్ను ఒక్కదాన్ని పోనియ్యవా ఎటన్న?" అంది కట్టమ్మ.

"నువ్వే నా ఎంబడి వస్తివే పోరీ. పుట్టినప్పటి సంది పెయ్యదూడ లెక్క కొంగు వట్టుకొనే తిరుగుతానవ్."

"మాట్లాడకుండ్రి, పాణం అల్సిపోతది," అన్నాను.

"ఆయన బుగులు చూడే అవ్వా. బండి మనం తోలాలె అనేటట్టున్నడు," అంది కట్టమ్మ.

అది నాతో ఆమె ఆడిన చివరి ఎకసెక్కం.

చావడి గుమ్మంలో మొగిలయ్య దారాల కట్టలతో నిలబడి ఉన్నాడు. మాకు ముందు వచ్చిన యాకయ్యకు ఎర్రది కట్టి లోపలికి పంపాడు. కాబట్టి తర్వాతిది పసుపు. బండి చివర ఉన్నది మా అత్త. ఆమెనే ముందు ఎత్తుకొచ్చాను. మొగిలయ్య పసుపుదారం తీశాడు.

మా అత్త చెయ్యి లాగేసుకుంది. "నీకు కండ్లు కనవడ్తలెవ్వా కొడుకా? ముండమోసినదానికి పసుపు కడ్తవా? సచ్చేటప్పుడు నన్ను నలుగుట్ల నవ్వులపాలు చేస్తవా?"

"ఏం కాదవ్వా, వట్టి దారమే," అన్నాడు మొగిలయ్య.

"నీకు వట్టిదే. నాకు కాదు."

వెనకే బండి దిగి వచ్చి నా భుజం మీద వాలి నిలబడ్డ కట్టమ్మ చెయ్యి చాచింది. "అది నాకియ్యే అన్నా. ఎర్రది మా అవ్వకు కట్టు. నేను దంచిచ్చిన పసుపే గద, నాకే కట్టవా?"

"వరుస..." అని ఆగాడు మొగిలయ్య.

"ఏం వరుస? మొగుడు ఎదురుంగ నిలవడ్డంక నాకు ఎర్రది కడ్తవా? పిలువు మీ డాక్టర్‌సాబ్‌ను, అడుగుత."

మొగిలయ్య లోపలికి చూశాడు. తర్వాత నా భార్య చేతిని చూశాడు. గుటక మింగాడు. ఎండ ఎక్కువగా ఉంది కాబట్టి దాహమేమో అనుకున్నాను. ఆమెకు పసుపు కట్టాడు. మా అత్తకు ఎరుపు కట్టాడు.

రోగుల తాలూకు మనుషులను లోపలికి రానివ్వరు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. తల్లీబిడ్డల మంచాలు పక్కపక్కనే వేశారు. దూలానికి సీసా కట్టి, రబ్బరు గొట్టం దింపి, మా అత్త చేతికి సూది గుచ్చారు. నా భార్యకు గ్లాసు నీళ్లలో తెల్లటి పొడి కలిపి తాగించారు. అది కక్కేసింది. మళ్లీ తాగించారు. మళ్లీ కక్కేసింది. పెద్దది కాబట్టి అత్తకు ముందు పెట్టారు, సీసా అయిపోగానే కట్టమ్మకు పెడతారు అనుకున్నాను.

సీసా అయిపోయింది. ఇంకో సీసా తెచ్చారు. అది కూడా అత్తకే పెట్టారు.

మధ్యాహ్నానికి మా అత్త మోచేతి మీద లేచి ఆకలని జొన్నగటక అడిగింది. యాకయ్య అప్పటికే కూర్చుని చుట్ట కోసం తడుముకుంటున్నాడు. కట్టమ్మ కళ్లు గుంటలు పడ్డాయి. ఆమె అవతలి మంచం మీది లక్ష్మీనర్సమ్మను గుడ్డ కప్పి మోసుకుపోయారు. గుడ్డ కింద నుంచి చెయ్యి వేలాడింది. ఆ చేతికి పసుపుదారం ఉంది.

అప్పుడు దారాలు చూశాను. మంచం మంచానికీ చూశాను. సీసా కింద ఉన్న చెయ్యి ప్రతిదీ ఎరుపే. గ్లాసు పక్కన ఉన్నది ప్రతిదీ పసుపే. ఊళ్లో మొగుడున్న ఆడవాళ్లందరూ వరుస మార్పించి పసుపే అడిగి కట్టించుకున్నారు. ముండమోసినవాళ్లు లేచి కూర్చుంటున్నారు. ముత్తైదువలు గుడ్డ కింద పోతున్నారు.

మొగిలయ్యను చావడి వెనుక పట్టుకున్నాను. సూదులు కాగే పొయ్యి దగ్గర ఉన్నాడు.

"ఎర్రోళ్లకు సీసా, పసుపోళ్లకు పొడి. ఎందుకు?"

"డాక్టర్‌సాబ్ చూత్తాండు అన్నా."

"ఏం చూత్తాండు?"

"కొత్త పొడి వచ్చింది. సీసా లేకుంట, వట్టి పొడితోటి గత్తర నిలవడ్తదా, నిలవడదా అని."

"నిలవడ్తాందా?"

అతడు పొయ్యిలోకి పుల్ల ఎగదోశాడు.

"నిన్నే అడుగుతాన. నిలవడ్తాందా?"

"లేదు."

"నా పెండ్లానికి కట్టేటప్పుడు ఎరుకేనా నీకు?"

"ఆమెనే అడిగింది గద అన్నా," అన్నాడు.

ఆమె అడిగింది. ఏమని అడిగింది? మొగుడున్న ఆడదానిగా చేతికి పసుపు అడిగింది. చావు అడగలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా తెలిసిన మనిషి గుమ్మంలో అతడొక్కడే. అతడు గుటక మింగి ముడి వేశాడు.

లోపలికి పోయాను. ఎవరో ఆపబోయారు. తోసేశాను. డాక్టరు ఒక మంచం మీద వంగి ఉన్నాడు. కాళ్ల మీద పడ్డాను. ఆ సంగతి దాచను. పడ్డాను.

"దొరా, నా పెండ్లానికి సీసా పెట్టుండ్రి."

ఆయన నన్ను లేపాడు. పక్కకు తీసుకుపోయి ఓపికగా చెప్పాడు. కసురుకున్నా బాగుండేది.

"రాయమల్లూ, విను. సీసా ప్రతి ఊరికీ పోదు. దానికి సూది కావాలి, శుద్ధి చేసిన నీళ్లు కావాలి, పెట్టడం వచ్చిన మనిషి కావాలి. ఈ యుద్ధంలో అవేవీ దొరకవు. ఈ పొడి పనిచేస్తే ములుగు అడవుల్లో గూడేలదాకా జేబులో వేసుకుని పోవచ్చు. లక్షల మంది బతుకుతారు. అది తేలాలంటే చివరిదాకా ఎర్రవాళ్లకు సీసానే, పసుపువాళ్లకు పొడినే ఇవ్వాలి."

"పొడి పనిచేస్తలేదు గద దొరా."

"ఇవ్వాళ ఒక్క పూట చూసి నువ్వు అంటున్నావు. అట్లా తేలదు. మధ్యలో మారిస్తే లెక్క చెడిపోతుంది. ఇప్పటిదాకా పడిన కష్టమంతా పోతుంది."

"సీసాలున్నయి. నా బండిల్నే తెచ్చిన."

"ఉన్నాయి. లేవని నేను అనడం లేదు."

"మరి ఆమెకు చెప్పినవా? సీసాతోటి బతుకుతరు, పొడి సంగతి నాకే ఎరుక లేదు, నీకేది కావాల్నో చెప్పు బిడ్డా అని అడిగినవా?"

"అట్లా అడిగితే పసుపు ఎవరు తీసుకుంటారు?" అన్నాడు.

మాట అయిపోయాక అది ఆయనకే వినబడినట్టుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, కొంచెం చిన్నగా, "అయినా మీ ఆమె తనే అడిగి కట్టించుకుందట," అన్నాడు.

"ఎందుకడిగిందో ఎరుకేనా దొరా? మీ ఇంట్ల ఆడోళ్లు లేరా?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన భార్య మెడలో కూడా పసుపుతాడే ఉంటుంది. ఆయనకు తెలియని రంగు కాదు.

వెనుక ఏదో పడిన చప్పుడైంది. మా అత్త సూది పీకేసుకుని మంచం దిగింది. చేతి నుంచి నెత్తురు కారుతోంది. నడవలేక కూతురి మంచం పట్టె పట్టుకుని కూలబడింది. మా మాటలన్నీ విన్నది. చప్పుడుకు లోపలికి వచ్చిన మొగిలయ్య ఊగుతున్న సీసాను దూలం నుంచి విప్పాడు.

"మొగిలీ, ఆ సీసా ఇటు తే. నా నీళ్లు నా బిడ్డకు పెట్టు. నాకు సాలు. నేను బతికి ఏం జేస్త?"

"నువ్వు పడుకో అవ్వా. అట్లా మార్చడానికి లేదు," అన్నాడు డాక్టరు.

"ఎందుకు లేదు? ముండమోసినదానికి పసుపు వద్దంటె పొద్దుగాల దారం మార్చంగ ఉన్నది గద? అప్పుడు ఏడవోయింది నీ వరుస?"

డాక్టరు మొగిలయ్య వంక చూశాడు. మొగిలయ్య నేల వంక చూశాడు. దారం మారిందని డాక్టరుకు తెలుసు, ఎందుకు మారిందో అప్పుడు తెలిసింది. తెలిసినా ఆయన చెప్పిన మాట ఒక్కటే.

"కట్టింది కట్టినట్టే ఉండాలి."

సగం నిండిన సీసా మొగిలయ్య చేతిలోనే ఉంది. కట్టమ్మ మంచం నాలుగడుగుల దూరంలో ఉంది. అతడు డాక్టరు ముఖం చూస్తూ నిలబడ్డాడు. అడుగు పడలేదు.

కట్టమ్మకు మాట రాలేదు కాని తెలివి ఉంది. అన్నీ విన్నది. నా వంక చూసింది. ఆ చూపు ఇక్కడ రాయను. పొద్దు గూకకముందే పోయింది.

ఆడవాళ్లు కిటికీ దగ్గర చేరారు. మా దిక్కు అనే మాటే అన్నారు. "అదృష్టవంతురాలు, పసుపుకుంకుమలతోటి పోయింది."

"నోర్లు మూయుండ్రే," అంది మా అత్త. "ఆ పసుపే దాన్ని మింగింది. ఇంకొక్క మాటంటే నాలికెలు కోస్త."

అప్పుడు మొగిలయ్య కత్తెర పట్టుకొచ్చాడు. పోయినవాళ్ల దారాలు ఒక డబ్బాలో, బతికి ఇంటికి పోయినవాళ్ల దారాలు ఇంకో డబ్బాలో వేస్తారు. చివర్లో ఆ డబ్బాలు విప్పి ఎరుపు ఎంత, పసుపు ఎంత అని చూస్తారు. మా ఊరి పేర్లతో కాని పని ఆ డబ్బాలతో అవుతుంది.

"దారం కావాలె అన్నా," అన్నాడు.

"ఇయ్యను."

"డాక్టర్‌సాబ్ లెక్క..."

"నా పెండ్లాం ఆయన లెక్కల లేదు. పో."

మా అత్త లేచింది. ఆమెకు ఎక్కడి నుంచి శక్తి వచ్చిందో తెలియదు. మొగిలయ్య చేతిలోంచి కత్తెర లాక్కుంది. ముందు తన చేతి ఎర్రదారం కత్తిరించింది. తర్వాత యాకయ్య దగ్గరికి పోయింది. అతడు చెయ్యి చాచాడు. ఆ తర్వాత మంచం మంచానికీ పోయింది. మొన్ననే కాపురానికి వచ్చిన సోమక్క పసుపుదారం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తెంపకే అవ్వా, నా మొగనికి కీడు," అంది. గొంతు అప్పటికే పీలగా ఉంది.

"నీ మొగడు దుక్క లెక్క బయట నిలవడ్డడు. కీడు నీకే బిడ్డా. చెయ్యి తియ్యి."

ఎర్రవీ పసుపువీ దోసిట పట్టుకుంది. రెండు డబ్బాలూ నన్ను తెమ్మంది. తెచ్చాను. అన్నీ తీసుకుపోయి సూదులు కాగే పొయ్యిలో పోసింది. నూలు కదా, ఊదినంత సేపు కూడా పట్టలేదు.

డాక్టరు పరుగున వచ్చాడు. పొయ్యి చూశాడు. లోపలికి వచ్చి మంచాల మీది దారాల్లేని చేతులు చూశాడు. ముఖం తెల్లబడింది.

"ఎవరిది ఎరుపు? ఎవరిది పసుపు?" అని అరిచాడు.

"నాది ఎరుపే," అంది సోమక్క మంచం మీద నుంచి.

"నాది సూత ఎరుపే."

"నాది సూత."

"పేర్లు చెప్పండి!"

"కట్టమ్మ."

"కట్టయ్య."

"కట్టమ్మ."

యాకయ్య చుట్ట నోట్లో పెట్టుకుని, "నా పేరు సూత ఇయ్యాల్టి సంది కట్టయ్యనే దొరా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

డాక్టరు కంపౌండరు వైపు తిరిగాడు. "మొగిలయ్యా, కట్టింది నువ్వు. నువ్వు చెప్పు."

మొగిలయ్యకు ప్రతి చెయ్యీ గుర్తే. ఒక్కొక్క మంచం వంకా చూశాడు. "నాకు యాదికి లేదు సార్," అన్నాడు చివరికి. వెనుక గది తలుపు తీశాడు. సీసా తెచ్చి సోమక్క మంచం మీద దూలానికి కట్టాడు. డాక్టరును అడగలేదు. ఇంకో సీసా తెచ్చాడు. ఇంకోటి తెచ్చాడు.

డాక్టరు ఆపలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను కట్టమ్మను ఎత్తుకుని బయటికి పోతుంటే నాతో అన్నాడు. "రాయమల్లూ, లెక్క పోయింది. నీ భార్య చావు కూడా వృథా అయిపోయింది."

"నీ అక్కరకు రావద్దనే," అన్నాను.

ఆమె చేతి దారం ఆమెతోనే కాల్చాను.

ఆ దారాలు కాలాక సోమక్క బతికింది. కొందరు బతకలేదు, సీసా వాళ్ల దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. డాక్టరు వెళ్లేనాడు ఊళ్లో ఒక్క బండి కూడా కట్టలేదు. మిగిలిన నిండు సీసాల పెట్టెలు చావడిలోనే వదిలి, టేషనుకు బురదలో నడిచిపోయాడు.

తర్వాత ఆయన తనకు గుర్తున్నంత మట్టుకు రాసి పెద్దవాళ్లకు పంపాడట. వట్టి పొడితో లాభం లేదు, సీసా పెడితే మనుషులు బతుకుతారు అని తేల్చాడట. ఆ సంగతి మా అత్త ఆ మధ్యాహ్నమే గటక అడిగి చెప్పింది. హనుమకొండలో మొన్న ఆయనకు పూలదండ వేశారని విన్నాను. వేసినవాళ్లకు ఇది తెలియాలని రాస్తున్నాను.

మొగిలయ్య ఏడాదికోసారి వస్తాడు. అరుగు మీద కూర్చుంటాడు. కూర్చోమని నేను అనను. "ఆఖరికి పెట్టిన గద అన్నా సీసాలు," అంటాడు. "మధ్యాహ్నం ఎందుకు పెట్టలే?" అంటాను. ప్రతి ఏడాదీ ఇంతే. ఇంతకంటే మాట సాగదు.

మా అత్త మాత్రం అతణ్ణి ఆకలితో పోనివ్వదు. పీట వేసి అన్నం పెడుతుంది. కట్టమ్మ పోయిన నాటి నుంచి మా ఇంట్లో వంటలో పసుపు వేయరు. విస్తరిలో పాలిపోయిన పప్పు పడగానే అతని చెయ్యి ఆగుతుంది. తర్వాత తల వంచుకుని తింటాడు.

నేను లేచి ఎడ్ల దగ్గరికి పోతాను.